మంచుదారిలో మంచినీళ్ళు

మన భాషలో ఆడదానికి సంబంధించినంతవరకు 'బయట' అన్న మాటకి ఎన్ని అర్థాలున్నాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? నెలసరి వస్తే 'బయట చేరింది' అంటాం. కాలకృత్యాలకు వెళ్తే 'బయటికి వెళ్ళింది' అంటాం. నలుగురిలో తిరిగే ఆడదాని గురించైతే 'బయట తిరుగుళ్ళు ఎక్కువయ్యాయి' అంటాం. మగవాడికి బయట అంటే ఊరు, ఉద్యోగం, లోకం. మన దగ్గరికి వచ్చేసరికి ఆ మాట ఎంత దూరం పోయినా తిరిగి శరీరం దగ్గరికే వచ్చి ఆగుతుంది. పిహెచ్.డి. కోసం యాత్రాసాహిత్యం చదువుతున్న రోజుల్లో ఈ సంగతి నోట్సులో రాసుకున్నాను. అది మాటలకు సంబంధించిన విషయం మాత్రమే కాదనీ, ఒక మనిషి ప్రాణం మీదికి కూడా తేగలదనీ నాకు తెలిసింది హిమాలయాల్లో, పదకొండు వేల అడుగుల ఎత్తున, మంచు మీద వేసిన ఒక టెంటులో.

2023 జనవరి ఆఖరి వారంలో మేం ఆరుగురు ఆడవాళ్ళం కేదార్‌కంఠకు బయల్దేరాం. ఉత్తరాఖండ్‌లో, ఉత్తరకాశీ జిల్లాలో, గోవింద్ అభయారణ్యం పరిధిలో ఉంది ఆ శిఖరం. ఎత్తు సుమారు 12,500 అడుగులు. హిమాలయాల లెక్కలో అది పెద్ద ఎత్తేమీ కాదు. కానీ నడిచి ఎక్కగలిగిన శిఖరాల్లో చలికాలం కూడా దారి తెరిచి ఉండేవి తక్కువ కాబట్టి డిసెంబరు నుంచి మార్చి దాకా దేశం నలుమూలల నుంచీ జనం వస్తారు. డెహ్రాడూన్ నుంచి ముస్సోరీ, పురోలా, మోరీ మీదుగా సాంక్రీ అనే ఊరికి దాదాపు రెండు వందల కిలోమీటర్లు. పగలంతా ప్రయాణమే. నైట్వాడ్ దగ్గర రూపిన్, సూపిన్ అనే రెండు నదులు కలిసి తోన్స్ నది అవుతాయి. అది దాటాక రోడ్డు సన్నబడుతుంది, చలి చిక్కబడుతుంది.

మా ఆరుగురిలో పెద్దది మేమంతా అక్కా అని పిలిచే ఆవిడ. యాభై ఆరేళ్ళు. జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచరు. ఆర్నెల్ల పాటు రోజూ తెల్లవారుజామున అపార్టుమెంటు మెట్లు ఐదంతస్తులు ఎక్కి దిగి తయారైంది. మాలో ఎవరికీ ఆవిడంత దమ్ము లేదు. కొనాల్సినవి కొనడానికి ఇద్దరం కలిసి తిరిగాం. ఒక షాపులో ఆడవాళ్ళకి కొండలెక్కే బూట్లు కావాలని అడిగితే గులాబీరంగు స్పోర్ట్స్ షూ తెచ్చి ముందు పెట్టారు. మగవాళ్ళ బూట్లు మా పాదాలకి వదులు. రెండేసి జతల ఉన్ని సాక్సులు తొడుక్కుని ఆ ఖాళీ పూడ్చుకున్నాం. మంచులో నూలు బట్ట పనికిరాదనీ, చెమటకి తడిస్తే ఆరక వంట్లో వేడినంతా లాగేస్తుందనీ చెప్పారు. జీవితమంతా కాటన్ చీరలో బతికిన అక్క ఆ మాట విని, "అంటే నా బీరువా మొత్తం వేస్టన్నమాట" అని నవ్వింది.

మంచు అనగానే మన కళ్ళముందు సినిమా పాటల్లోని తెల్లటి దూది కదులుతుంది. నడిచేవాళ్ళకి ఆ దూది భయం లేదు. కొత్తగా కురిసిన మంచులో బూటు దిగబడుతుంది, పట్టు దొరుకుతుంది. భయమల్లా పాత మంచుతోనే. వందల మంది తొక్కిన దారి మీద మంచు గట్టిపడుతుంది. మధ్యాహ్నపు ఎండకి పైపొర కరుగుతుంది. నాలుగు దాటగానే మళ్ళీ బిగుసుకుంటుంది. ఇలా రోజూ కరిగి బిగిసీ, కరిగి బిగిసీ ఆ దారి గాజుపలక అయిపోతుంది. నీడపట్టున ఉన్న మలుపుల్లో రాతి మీద పల్చటి మంచుపొర కంటికి కనిపించదు కూడా. అందుకే బూట్ల కింద ఇనుప ముళ్ళ గొలుసులు తొడుక్కోవాలి. మోకాళ్ళు కొంచెం వంచి, అడుగులు చిన్నవిగా, పాదం మొత్తం ఒకేసారి ఆనేలా వెయ్యాలి. బరువు ముందుకాలి మీదికి రావాలి. జారతామన్న భయంతో వెనక్కి వాలితే తప్పకుండా జారతాం.

ఇదంతా మాకు నేర్పింది ఆ చుట్టుపక్కల ఊరి అమ్మాయి. పాతికేళ్ళుంటాయి. మా బృందానికి ఇద్దరు గైడ్లు. పెద్ద గైడు మగాయన, రెండో గైడు ఈ అమ్మాయి. ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థలో కోర్సు చేసింది. "కిందికి చూసి నడవండి దీదీ, కిందికి చూడండి" అని మొదటి రోజంతా మా వెనకాలే పడింది. ఆ మాట వింటే నాకు లోపల ఎక్కడో కలుక్కుమంది. తల దించుకుని నడువు, కింద చూసి నడువు అన్న మాటలు వినకుండా పెరిగిన ఆడపిల్ల మనలో ఎవరుంది? కానీ ఇదే మాట ఇక్కడ వేరుగా పనిచేసింది. మా ఇళ్ళల్లో ఆ మాట ఎవరూ మమ్మల్ని చూడకుండా ఉండటానికి. ఇక్కడ మేమే చూడటానికి. ఏ మంచు తెల్లగా ఉంది, ఏది నీలంగా ఉంది, ఏది మెరుస్తోంది, ఎక్కడ ముందు నడిచినవాళ్ళ బూటు జారిన గీత ఉంది... రెండో రోజుకి నేను నేలని చదవడం మొదలుపెట్టాను. జాగ్రత్తని సిగ్గుగా కాకుండా విద్యగా నేర్చుకోవడం నాకు అదే మొదటిసారి.

రెండో రాత్రి శిఖరం కింది శిబిరంలో ఉన్నాం. చలి సున్నాకి పది డిగ్రీల కిందికి పోయిందని చెప్పారు. ఆ చలిలో నీళ్ళసీసా తలకిందులుగా పెట్టుకోవాలి. ఎందుకంటే నీళ్ళు పైనుంచి గడ్డకడతాయి. మూతి కిందికి ఉంటే తెల్లవారి తాగడానికి దారి మిగులుతుంది. తెల్లవారుజామున మూడింటికి శిఖరానికి బయల్దేరాలి. రాత్రి మంచు గట్టిగా ఉన్నప్పుడే ఎక్కి, ఎండకి మెత్తబడి కాళ్ళు దిగబడే లోపల దిగిరావాలని లెక్క. ఏడు గంటలకే స్లీపింగ్ బ్యాగుల్లో దూరాం. తొమ్మిదింటికి అక్కకి తలనొప్పి మొదలైంది. పదికల్లా వాంతి.

నేను వెళ్ళి ఆ అమ్మాయిని లేపాను. వచ్చి అక్క వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టింది. తర్వాత అడిగిన మొదటి ప్రశ్న ఇది. "దీదీ, ఇవాళ ఎన్నిసార్లు వెళ్ళారు?"

అక్కకి అర్థమైంది. "పొద్దున ఒకసారి."

"నీళ్ళు?"

"గొంతు తడుపుకున్నాను."

ఎందుకని ఆ అమ్మాయి అడగలేదు. ఆమెకి తెలుసు. నేను అడిగాను. అక్క నా వైపు తిరిగి తెలుగులో, గొంతు తగ్గించి చెప్పింది. "ఎలా వెళ్ళనే? ఆ టెంటు అంత దూరాన పెట్టారు. వంట టెంటు ముందు నుంచి పోవాలి. మగపిల్లలంతా అక్కడే మంట చుట్టూ కూచున్నారు. పైగా ఆ జారుడు. పడితే వాళ్ళే వచ్చి లేపాలి. ఎందుకొచ్చిన గొడవ, ఒక్క రోజు ఉగ్గబట్టుకుంటే పోలా అనుకున్నా."

ఉగ్గబట్టుకోవడం! ఏడుపునీ ఉగ్గబట్టుకుంటాం, కోపాన్నీ ఉగ్గబట్టుకుంటాం, ఒంటేలునీ ఉగ్గబట్టుకుంటాం. మూడింటికీ తెలుగులో ఒకటే క్రియ. అక్క దారిలోనే ఒకసారి గొప్పగా చెప్పింది, తన సర్వీసు మొత్తంలో బడిలో బాత్రూంకి వెళ్ళిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చునని. పొద్దున టీ తాగి బస్సెక్కితే మళ్ళీ సాయంత్రం ఇంటికొచ్చాకే. మేమంతా నవ్వాం, మాకూ అలాంటి లెక్కలున్నాయి కాబట్టి. బస్సు ప్రయాణం ఉంటే ముందు రోజు సాయంత్రం నుంచే నీళ్ళు మానేసే విద్య మనకి ఎవరూ పనిగట్టుకుని నేర్పరు. అమ్మల్ని చూసి నేర్చుకుంటాం.

ఆ విద్య కొండ మీద పనిచెయ్యదు. చలికి చర్మం దగ్గరి రక్తనాళాలు కుంచించుకుపోతాయి. రక్తం లోపలికి చేరుతుంది, మూత్రపిండాలు నీటిని బయటికి తోస్తాయి. ఎత్తుకి వెళ్ళినా అంతే. పైగా ఆ పొడిగాలిలో ప్రతి ఊపిరితోనూ వంట్లో నీరు ఆవిరైపోతూ ఉంటుంది. అంటే చలికొండ మీద మామూలుకన్నా ఎక్కువ తాగాలి, మామూలుకన్నా ఎక్కువసార్లు బయటికి వెళ్ళాలి. నీళ్ళు తక్కువైనా తలనొప్పి, వాంతులే. ఎత్తు పడకపోయినా తలనొప్పి, వాంతులే. అర్ధరాత్రి టెంటులో టార్చిలైటు వెలుగులో ఈ రెండిట్లో ఏదో తేల్చిచెప్పడం కష్టం. రెండోదాన్ని నిర్లక్ష్యం చేస్తే మెదడులోకో ఊపిరితిత్తుల్లోకో నీరు చేరి మనిషి చనిపోవచ్చు. అందుకే కొండ మీద ఒకటే నియమం. అనుమానం ఉంటే ఎక్కకూడదు, ముదిరితే దిగిపోవాలి.

ఆ అమ్మాయి గంటగంటకీ లేచి వచ్చి గోరువెచ్చటి నీళ్ళలో ఉప్పూ చక్కెరా కలిపిన పొడి వేసి గుక్కగుక్కగా తాగించింది. రెండుసార్లు అక్కని చెయ్యిపట్టుకుని బయటికి తీసుకెళ్ళింది. వంట టెంటు వైపు నుంచి కాదు, వెనకవైపు మంచులో గొడ్డలితో మెట్లు కొట్టి కొత్త దారి వేసింది. అరగంట పని! ఆ అరగంట పని ఆ శిబిరంలో అంతవరకూ ఎవరూ ఎందుకు చెయ్యలేదని నేను ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. అది ఒక్కరి నిర్లక్ష్యం అనుకోను. టెంటు ఎక్కడ వెయ్యాలో నిర్ణయించేవాళ్ళు దాకా ఎవరూ ఆ దారిలో చీకట్లో వెళ్ళాల్సిన అవసరం లేనివాళ్ళే.

అక్క పరిస్థితి ముదరలేదు, అలాగని తలనొప్పి పూర్తిగా పోలేదు. తెల్లవారాక కిందికి దిగాలని తేల్చారు. మిగతా నలుగురూ మూడింటికి పెద్ద గైడుతో శిఖరానికి వెళ్ళారు. అక్కతో ఆ అమ్మాయీ నేనూ దిగాం. "నా మూలాన నువ్వు పైకి వెళ్ళలేకపోయావే" అని అక్క పదిసార్లు అంది. పదకొండోసారి ఆ అమ్మాయే అందుకుని, "దీదీ, కొండ ఎక్కడికీ పోదు" అంది.

దిగడం ఎక్కడం కన్నా కష్టం. ఎక్కేటప్పుడు ఊపిరి ఆడదు కానీ నేల మొహానికి దగ్గరగా ఉంటుంది. దిగేటప్పుడు ముందు ఏమీ ఉండదు, లోయ తప్ప. వాలులో కూచుని జారిపోదామా అని అక్క అడిగితే, ముళ్ళ గొలుసులు తొడుక్కుని ఎప్పుడూ జారకూడదనీ, ముల్లు మంచులో దిగబడితే మడమ విరుగుతుందనీ చెప్పింది. అరగంటకోసారి ఆపి నీళ్ళు తాగించేది. చెట్ల చాటు చూపించి, అటు తిరిగి నిలబడి పెద్దగా కూనిరాగం తీసేది, ఎవరైనా వస్తుంటే పాట ఆపేస్తానని ఒప్పందం. రెండు వేల అడుగులు దిగి జూడా కా తాలాబ్ చేరేసరికి అక్క తలనొప్పి పోయింది. చెరువు మొత్తం గడ్డకట్టి ఉంది. దాని ఒడ్డున కూచుని అక్క ఒక సీసా నీళ్ళు ఖాళీ చేసి, మమ్మల్ని చూసి, "వెళ్ళొస్తానర్రా" అని లేచి తనంతట తనే చెట్ల చాటుకి వెళ్ళింది. ఆ 'వెళ్ళొస్తాను'లో ఏ గొంతు తగ్గించడమూ లేదు.

ఊరు దగ్గరపడుతుంటే ఎదురొచ్చారు ఆడవాళ్ళు. వీపుల మీద పశువుల మేతకి కొట్టిన సింధూరపు కొమ్మల మోపులు, మోపుల కింద వంగిన నడుములు. హిమాలయ గ్రామాల్లో వంటచెరుకూ పశుగ్రాసమూ తేవడం ఎక్కువగా ఆడవాళ్ళ పనే. మంచు పడ్డా ఆవు ఆకలి ఆగదు కదా. కాళ్ళకి రబ్బరు బూట్లు, వాటి మీద పాత ఉన్ని మేజోళ్ళు. బూటు లోపల కాదు, బూటు మీద! ఉన్ని మంచుని పట్టుకుంటుందని ఆ అమ్మాయి చెప్పింది. మేం అద్దెకు తెచ్చుకున్న ఇనుప ముళ్ళు చేసే పనిని ఆ చిరుగు మేజోళ్ళు చేస్తున్నాయి. వాళ్ళలో ఒకామె ఆ అమ్మాయికి పిన్ని వరస. ఎక్కడి నుంచి వస్తున్నారని అడిగింది. శిఖరం ఎక్కలేదని తెలిసి, "మంచి పని చేశారు. ఈ కాలంలో పైన గడ్డేముంది" అంది.

నాకు నవ్వొచ్చింది, తర్వాత చాలాసేపు ఆ మాట వదల్లేదు. రోజూ ఇదే మంచు మీద మోపుతో నడిచే ఆమెని ఎవరూ ట్రెక్కర్ అనరు. డబ్బులిచ్చి నాలుగు రోజులు నడిచిన మాకు సర్టిఫికెట్ ఇస్తారు. సరదాకి నడవడం మా హక్కని నేను గట్టిగా నమ్ముతాను, ఆ హక్కు కోసం మనవాళ్ళు ఎన్నాళ్ళుగానో పోట్లాడుతున్నారు. కానీ ఆమెకి కూడా పని లేకుండా నడిచే ఒక రోజు ఉండాలన్న సంగతి మన పోరాటంలో ఉందా? కొండల్లో ఆడవాళ్ళ నడక చరిత్ర రాయాలంటే ఎవరి పేర్లతో మొదలుపెట్టాలి? పక్కనే ఉన్న చమోలీ జిల్లాలో 1974 మార్చి 26న గౌరాదేవి, రేణీ గ్రామం ఆడవాళ్ళూ చెట్లు నరకడానికి వచ్చినవాళ్ళని అడ్డుకున్నది రోజూ మోపుల కోసం నడిచే ఆ అడవి కోసమే. ఉత్తరకాశీ జిల్లాలోనే నాకురీ గ్రామంలో పుట్టి, ఎం.ఎ., బి.ఇడి. చదివి, 1984లో ఎవరెస్టు ఎక్కిన తొలి భారతీయ మహిళ బచేంద్రీ పాల్ కూడా ఇలాంటి దారుల మీద పెరిగిన మనిషే. అదే జిల్లా అమ్మాయి సవితా కన్స్వాల్ 2022 మే నెలలో పదహారు రోజుల తేడాలో ఎవరెస్టు, మకాలూ రెండూ ఎక్కింది. అదే ఏడాది అక్టోబరు 4న ద్రౌపదీ కా డాండా మీద శిక్షణార్థులతో ఉండగా మంచుచరియ విరిగిపడి చనిపోయింది. మేం అక్కడికి వెళ్ళేసరికి నాలుగు నెలలు కూడా కాలేదు. మంచు ఎవరి నేర్పునీ లెక్కచెయ్యని రోజులు కూడా ఉంటాయి. అది తెలిసి కూడా ఆ ఊళ్ళ ఆడపిల్లలు మళ్ళీ మంచు మీదికే వెళ్తున్నారు.

మన పత్రికలు ఇలాంటివాళ్ళ గురించి రాసేటప్పుడు 'జయించింది' అంటాయి. 2014 మే 25న పద్నాలుగేళ్ళు కూడా నిండని మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కినప్పుడు తెలుగు పత్రికల నిండా జయకేతనాలే. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన ఒక గిరిజన కూలీల బిడ్డకి ఆ జయధ్వానం న్యాయమే, అది ఎంతోమంది పిల్లలకి దారి చూపింది కూడా. కానీ కొండని శత్రువుని చేసే ఆ మాట ఎవరి నుంచి వచ్చింది? 1975లో ఎవరెస్టు ఎక్కిన తొలి మహిళ జపాన్ దేశస్థురాలు జుంకో తాబెయ్, తనని తొలి మహిళగా కాకుండా ఎవరెస్టు ఎక్కిన ముప్ఫై ఆరో మనిషిగా గుర్తుపెట్టుకుంటే బాగుంటుందని అనేది. స్కాట్లాండులో టీచర్లకు పాఠాలు చెప్పిన నాన్ షెపర్డ్ తమ ఊరికి దగ్గరున్న కెయిర్న్‌గార్మ్ కొండల మీద రెండో ప్రపంచయుద్ధపు చివరి రోజుల్లో ఒక పుస్తకం రాసింది. శిఖరం మీదికి వెళ్ళడం కాదు, కొండలోకి వెళ్ళడం ఆమెకి ముఖ్యం. దాని నీళ్ళని, మంచుని, గాలిని వంటితో తెలుసుకోవడం ముఖ్యం. ఆ రాతప్రతి ముప్ఫై ఏళ్ళు సొరుగులో పడుండి 1977లో గానీ అచ్చుకాలేదు. అక్కతో కలిసి దిగుతున్నప్పుడు నేను చేసింది కొండలోకి వెళ్ళడమేనని నాకు అనిపించింది.

తెలుగులో యాత్రాసాహిత్యానికి మంచి చరిత్రే ఉంది. 1830లో కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య ప్రతి మజిలీలో నీళ్ళెలా ఉన్నాయో, సరుకులు ఏం దొరుకుతాయో శ్రద్ధగా రాశాడు. నాయని కృష్ణకుమారి 'కాశ్మీర దీపకళిక'తో ఆడవాళ్ళ చూపు కూడా హిమాలయాలదాకా వెళ్ళింది. మనవాళ్ళు ఇప్పుడు ఒంటరిగా ప్రయాణాలు చేసి రాస్తున్నారు, సంతోషం. అయినా మంచినీళ్ళు ఎక్కడ దొరికాయన్నది రాసినట్టు, తాగిన నీళ్ళని ఎక్కడ వదిలామన్నది మనలో ఎందరం రాశాం? అది రాయదగ్గ విషయం కాదని ఎవరు చెప్పారు? ప్రకృతివర్ణన పేజీలకొద్దీ రాయగలిగిన మనం ఈ ఒక్క సంగతి దగ్గరికి వచ్చేసరికి కలాన్ని కూడా ఉగ్గబట్టుకుంటాం. మనం రాయకపోతే తర్వాత వెళ్ళే ఆడపిల్ల కూడా నీళ్ళు మానేసే బయల్దేరుతుంది. ఆ శిబిరంలో మరుసటి వారం టెంటు ఎక్కడ వేశారో నాకు తెలియదు. దిగివచ్చాక మేం ఆరుగురం సంతకాలు పెట్టి నిర్వాహకులకి ఒక పేజీ రాసిచ్చాం. ఆడవాళ్ళకి వేరే దారి, దారికి దీపం, పట్టుకోవడానికి తాడు. రాసింది నేను, లెక్కల టీచరు కాబట్టి నంబర్లు వేసింది అక్క.

ఆ జూన్‌లో బడి తెరిచిన రోజు సాయంత్రం అక్క ఫోన్ చేసింది. వాళ్ళ బడిలో ఆడపిల్లల బాత్రూంకి ఎప్పుడూ తాళం వేసి ఉంటుంది. శుభ్రంగా ఉండాలని తాళం. తాళంచెవి ఆఫీసు గదిలో ఉంటుంది, అక్కడ మగ మేష్టార్లు కూచుని ఉంటారు. ఏ పిల్లా వెళ్ళి అడగదు. అక్క ఆ పూట వెళ్ళి తాళంచెవి అడిగి తీసుకుని, తాళం తీసి, ఆ తాళాన్ని తన బల్లసొరుగులో పడేసిందట. తర్వాత తొమ్మిదో తరగతిలోకి వెళ్ళి లెక్కలు మొదలుపెట్టే ముందు, "నీళ్ళు తెచ్చుకున్నవాళ్ళు చేతులెత్తండి" అందట.

నలభై ఇద్దరు ఆడపిల్లల్లో తొమ్మిది చేతులు లేచాయి. "రేపు మళ్ళీ లెక్కపెడతా" అంది అక్క.